కాలువ గట్టు మీద పూల మడులు బాగుచేయాలంటే, ముందు కొడవలి కింద పెట్టండి

బెజవాడలో కాలువ దాటకుండా ఒక పేట నుంచి ఇంకో పేటకు వెళ్లడం కష్టం. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ నీళ్లు అందుకున్న బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ మూడూ ఊళ్లోంచే పోతాయి. ఆ గట్ల మీద ఎప్పుడో ఎవరో కంచె వేయించి, మట్టి పోయించి, మందారాలూ నూరువరహాలూ నాటించారు. రెండు వానాకాలాలు గడిచేసరికి కంచె కనబడదు, మందారం కనబడదు. వయ్యారిభామ, సర్కారు తుమ్మ, వాటి మీద పాకిన తీగలు, ఆ తీగల్లో చిక్కుకున్న పాలిథిన్ కవర్లు మాత్రం కనబడతాయి.

మీ వీధిలో పది మంది కలిసి ఒక ఆదివారం పొద్దున దాన్ని బాగుచేద్దామనుకున్నారనుకోండి. మేం మొదటిసారి చేసినట్టు మాత్రం చేయకండి. ఇరవై మందిమి కొడవళ్లు, కత్తులు పట్టుకుని దిగాం. రెండు గంటల్లో గట్టుకు గుండు కొట్టించినంత పని చేసి, వరసగా నిలబడి ఫోటో దిగాం. అప్పుడే ఎదురు సందులోంచి ఒక మామ్మగారు వచ్చి, "ఏం నాయనా, నా గోరింట ఏదీ?" అన్నారు. ఆషాఢం ఇంకా నాలుగు రోజులు ఉంది. ఆ వీధి ఆడపిల్లలందరికీ ఆకు ఇచ్చే గోరింట అప్పటికే ట్రాక్టరెక్కి వెళ్లిపోయింది. దాన్ని గునపం పెట్టి వేళ్లతో సహా పెళ్లగించాం. పక్కనే ఉన్న వయ్యారిభామను మాత్రం కొడవలితో పైపైన కోసేశాం. మూడు వారాలు తిరిగేసరికి వయ్యారిభామ మళ్లీ పిక్కలదాకా లేచి పూలు పూసింది.

ఆ తర్వాత చాలా ఆదివారాలు ఆ గట్టు మీదే గడిచాయి. ఏది పీకాలి, ఏది కోయాలి, ఏది ముట్టకూడదు అన్నది తెలిస్తే మిగతాదంతా చెమటోడ్చడమే.

ఏ నెలలో దిగాలి

వేసవిలో కాలువలు కట్టేస్తారు కాబట్టి అప్పుడే చేద్దామని అందరికీ తోస్తుంది. నీళ్లుండవు, భయముండదు, నిజమే. కానీ ఏప్రిల్, మే నెలల్లో గట్టు మట్టి ఇటుకలా ఉంటుంది. మొక్కను పట్టి లాగితే కాండం చేతికొస్తుంది, వేరు లోపలే ఉండిపోతుంది. పైగా మన ఊరి ఎండ సంగతి మీకు చెప్పక్కర్లేదు. తొలకరి పడగానే నేల మెత్తబడుతుంది గానీ, బొరియల్లో నీళ్లు చేరి పాములు బయటికొచ్చే కాలం కూడా అదే.

పెద్ద పని కార్తీకం వెళ్లాక, నవంబరు చివర నుంచి జనవరి లోపల పెట్టుకోండి. వానలు తగ్గి ఉంటాయి, మట్టిలో పదును మిగిలి ఉంటుంది, పొద్దున ఆరున్నర నుంచి తొమ్మిది దాకా హాయిగా పనిచేయొచ్చు. వయ్యారిభామ కోసం మాత్రం జులై, ఆగస్టుల్లో ఒక చిన్న విడత ఉండాలి. అది వానకు మొలిచి నెల తిరగ్గానే పూతకొస్తుంది, ఆ లోపే పీకేయాలి. దానికి పనిముట్లు కూడా అక్కర్లేదు, గ్లౌజులు తొడుక్కున్న చేతులు చాలు.

ఎవరికి చెప్పాలి

గట్టు జల వనరుల శాఖది. దాని మీద కంచె, మడి, బల్లలు నగర పాలక సంస్థవి. ఇద్దరికీ చెప్పాలి. ఒకరికి చెప్పి ఊరుకుంటే పని మధ్యలో రెండోవాళ్లు వచ్చి ఆపుతారు. దగ్గర్లోని వార్డు సచివాలయంలో పారిశుద్ధ్యం చూసే కార్యదర్శికి ఒక కాగితం ఇవ్వండి. ఏ వంతెన నుంచి ఏ వంతెన దాకా, ఏ తేదీ, ఎన్ని గంటలకు, ఎంతమంది, చెట్లు కొట్టం, నిప్పు పెట్టం. ఇంతే రాయండి, పొగడ్తలూ ఆశయాలూ వద్దు. ఆ కాగితంలోనే చెత్త బండి ఎన్నింటికి కావాలో కూడా రాయండి. బండి రాకపోతే మీరు తీసినదంతా రోడ్డు పక్కన కుప్పగా మిగిలి, "వీళ్లు రాకముందే నయం" అనిపించుకుంటారు.

కాలువ మీద తిరుగుతూ నీళ్లనూ గట్టునూ చూసుకునే శాఖ మనిషి, లస్కరుతో ఒక మాట మాట్లాడండి. నీళ్లు ఎప్పుడు పెంచుతారో, ఏ చోట గట్టు మెత్తగా ఉందో, ఎక్కడ పుట్ట ఉందో ఆయనకు తెలిసినంత ఎవరికీ తెలియదు.

చెట్టు కొట్టాలంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం అనుమతి కావాలి. మీ పని పొదలు, కలుపు, తీగలతోనే. మానైన చెట్టు అడ్డంగా ఉందనిపిస్తే ఫోటో తీసి అధికారులకు పంపండి, గొడ్డలి మాత్రం ఎత్తకండి.

శనివారం సాయంత్రం ఒక నడక

అన్నిటికంటే ముఖ్యమైన గంట ఇదే. చాలామంది దీన్నే ఎగ్గొడతారు. మీలో ఇద్దరు ముగ్గురు ముందు రోజు సాయంత్రం గట్టు వెంట మెల్లగా నడవండి. పాత పసుపు గుడ్డ ఒకటి చింపి పీలికలు చేసుకోండి. ఉంచాల్సిన ప్రతి మొక్కకూ ఒక పీలిక కట్టండి. మర్నాడు పీలిక కట్టిన మొక్కను ఎవరూ ముట్టకూడదు, వాదనలుండవు.

ఉంచాల్సింది ఏదో ఎలా తెలుస్తుంది? గట్టు పక్క వాళ్లను అడగండి. గట్ల మీద గుడిసెలు వేసుకున్నవాళ్లు కంచె లోపల బచ్చలి పాకించి ఉంటారు, గోంగూర చల్లి ఉంటారు, ఒక మునగ కొమ్మ పాతి ఉంటారు. మీకు అది కలుపు, వాళ్లకు అది సాయంత్రం కూర. పూల కోసం నందివర్ధనం పెంచుకునేవాళ్లు, దేవుడికని తులసి నాటినవాళ్లు ఉంటారు. రెండోసారి పనికి మేం ఆ గోరింట మామ్మగారినే బతిమాలి తీసుకొచ్చాం. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చేతికర్రతో చూపిస్తూ, "అది నేల ఉసిరి, పీకకు. అది ఉత్తరేణి, వినాయక చవితి పత్రికి ఒక్క మొక్క ఉంచి మిగతాది తీసెయ్" అని చెబుతుంటే, మా బృందంలో వ్యవసాయ డిగ్రీ ఉన్న కుర్రాడు నోటు పుస్తకం తీసి రాసుకున్నాడు.

నడుస్తూ ఇంకో మూడు చూడండి. పొదల్లో పిట్ట గూళ్లు ఉన్నాయా? గుడ్లో పిల్లలో ఉంటే ఆ పొదకు పీలిక కట్టి, అవి ఎగిరిపోయేదాకా వదిలేయండి. కందిరీగల గూడు గానీ తేనెపట్టు గానీ ఉందా? ఉంటే ఆ చుట్టుపక్కల పని మానుకోండి. భూమిలో కరెంటు కేబుల్, ఫోన్ కేబుల్, మంచినీటి గొట్టం పోతున్న గుర్తులున్నాయా? అక్కడ గునపం దింపకూడదు. వేలాడే తీగ ఏదైనా కంచెకు తగులుతుంటే 1912కి ఫోన్ చేసి, వాళ్లు వచ్చి చూసిందాకా దగ్గరికెళ్లొద్దు.

ఏది పోవాలి, ఎలా పోవాలి

ఒక్కో మొక్కది ఒక్కో బుద్ధి. అన్నిటికీ ఒకటే కొడవలి వైద్యం చేస్తే మాకు జరిగినట్టే జరుగుతుంది.

వయ్యారిభామతో మొదలుపెడదాం. కాంగ్రెస్ గడ్డి అన్నా ఇదే. క్యారెట్ ఆకులాంటి ఆకు, చిన్న తెల్ల పూలు. 1950ల్లో పుణె దగ్గర కనబడింది మొదలు దేశమంతా కమ్మేసింది. ఒక్క మొక్క వేల విత్తనాలు రాలుస్తుంది. అందుకే పూత రాకముందు పీకడం ఒక పని, పూతొచ్చాక పీకడం వేరే పని. పూత రానిదాన్ని మొదలు దగ్గర పట్టుకుని వేరుతో లాగి అక్కడే ఎండనిచ్చినా పర్వాలేదు. పూత వచ్చినదాన్ని దులపకుండా, ముందు తలలు సంచిలోకి వంచి కోసి, ఆపైన వేరు లాగాలి. ఒంటికి తగిలితే దద్దుర్లు, దురద. ఉబ్బసం ఉన్నవాళ్లను ఈ పనికి పెట్టకండి. నిండు చేతుల చొక్కా, గ్లౌజులు, ముక్కుకు గుడ్డ తప్పవు. ఆకుల మీద గోధుమ రంగు గీతలున్న చిన్న తెల్లటి పెంకు పురుగులు జల్లెడ పట్టినట్టు తింటూ కనబడితే వాటి జోలికి పోకండి. ఈ గడ్డిని తినడానికే 1980ల్లో మెక్సికో నుంచి తెప్పించి వదిలిన పురుగులవి. జీతం లేకుండా మీ పనే చేస్తున్నాయి.

సర్కారు తుమ్మది మొండి ప్రాణం. నేలకు సమంగా నరికితే మొదలు నుంచి అయిదారు కొత్త కొమ్మలు తన్నుకొస్తాయి, ఒక్క మొక్క కాస్తా పొదవుతుంది. బొటనవేలి లావు దాటనిదైతే చుట్టూ మట్టి తవ్వి, జానెడు లోతున, వేరు మొదలయ్యే బుడిపె కింద తెగేలా గునపంతో లేపాలి. అంతకంటే లావుదైతే శాఖవాళ్లకు వదిలేయండి. దీని ముల్లు హవాయి చెప్పుల్ని దాటి పాదంలోకి దిగుతుంది, విరిగి లోపలుండిపోతే కాలు వాచి పదిరోజులు కుంటాలి. బూట్లు లేనివాళ్లను తుమ్మ దగ్గరికి రానీయకండి. పక్కనే మొలిచే సుబాబుల్ మొక్కలు మూరెడు లోపువైతే చేత్తో వచ్చేస్తాయి. అవి పెద్దవయ్యేదాకా ఆగడమే తప్పు.

తుంగను చూసి గడ్డే కదా అని పారతో చెక్కేవాళ్లే ఎక్కువ. దాని ప్రాణం నేల కింద గడ్డల్లో ఉంటుంది. శనగగింజంత మొదలు ఉసిరికాయంత వరకు నల్లటి గడ్డలు, దారంతో గుచ్చినట్టు ఒకదానికొకటి తగిలి ఉంటాయి. పారతో కొడితే ఆ దారం తెగి, ఒక్క మొక్క పది మొక్కలవుతుంది. గునపంతో మట్టి పెళ్లను లేపి, చేత్తో పొడి చేసి, దారం వెంటే పోయి గడ్డలు ఏరాలి. ఓపిక కావాలి. మా వాళ్లలో రిటైరైన ఇద్దరు పెద్దవాళ్లు పీటలేసుకుని ఈ పని మాత్రమే చేస్తారు. కబుర్లు చెప్పుకుంటూ పొద్దున్నుంచీ రెండు గజాలే దాటుతారు గానీ, వాళ్లు దాటిన చోట తుంగ సగానికి సగం తగ్గుతుంది.

తీగల విషయంలో ఒకటే సూత్రం: పైనుంచి లాగొద్దు. మందారం మీద ఎక్కిన కాకిదొండను పట్టి లాగితే మందారం కొమ్మ కూడా వస్తుంది. మొదలు కోసి, దాని దుంపను తవ్వి తీసి, పైనున్న తీగను వారం ఎండనివ్వండి. ఎండిన తీగ దులిపితే రాలుతుంది. తిప్పతీగ మాత్రం ఎండదు. మొదలు కోసినా, పైన మిగిలిన ముక్క దారాల్లాంటి ఊడలు దింపి మళ్లీ నేలను పట్టుకుంటుంది. దాన్ని మూరెడేసి ముక్కలుగా కోసి దించండి. కషాయానికని అడిగేవాళ్లు గట్టు మీదే దొరుకుతారు, కానీ మురుగు పక్కన పెరిగినదాన్ని ఇవ్వకపోవడమే మంచిది.

గరాటుల్లాంటి లేత గులాబీ పూలు పూసే తూటికాడ నీటి అంచున ఉంటుంది. కోసిన ముక్క ఎక్కడ తడి మట్టి మీద పడితే అక్కడ వేరుపోస్తుంది. కోసింది కోసినట్టు గోనె మీద వేసి గట్టు పైకి మోయాలి, కాలువలోకి విసిరితే కింద ఊళ్లవాళ్లకు బహుమానం పంపినట్టే.

జిల్లేడు ఒకటి రెండు మొక్కలు మూలన ఉండనివ్వండి, కొన్ని సీతాకోకచిలుకల గొంగళి పురుగులు దాని మీదే పెరుగుతాయి. తీయాల్సి వస్తే కళ్లద్దాలు పెట్టుకుని కోయండి. ఆ పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం, వెంటనే మంచినీళ్లతో చాలాసేపు కడిగి డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. గన్నేరు, పచ్చగన్నేరు కత్తిరించినవాళ్లు చేతులు సబ్బుతో కడుక్కోకుండా టిఫిను ముట్టకూడదు. ఆ మొక్కలు నిలువునా విషం. దురదగొండి కాయలు ఎండి వేలాడుతుంటే ముందు వాటి మీద నీళ్లు చల్లి తడపండి, నూగు ఎగరదు. ఆ తర్వాతే కోయండి. పొరపాటున ఒంటికి అంటుకుంటే రుద్దకండి. అతుక్కునే టేపు వేసి లాగితే చాలావరకు వచ్చేస్తుంది.

వెంట ఉండాల్సినవి

రెండు గునపాలు, రెండు పారలు, మనిషికొక బొరిగె, నాలుగు కొడవళ్లు, కొమ్మల కత్తెరలు రెండు, ఇనప దంతెలు రెండు, గమేళాలు నాలుగు, ఒక పెద్ద పరదా, గోనె సంచులు. మందపాటి ప్లాస్టిక్ డబ్బా ఒకటి, పొడుగు పట్టుకారు ఒకటి. ఎందుకో కింద చెబుతాను. తాగే నీళ్లు, మజ్జిగ, ఓఆర్ఎస్, గాయాల మందు పెట్టె. కత్తులు, గొడ్డళ్లు అక్కర్లేదు. ఉంటే వాడాలనిపిస్తుంది. లారీ ట్యూబు ఒకటి గాలి కొట్టి, ఇరవై మీటర్ల తాడు కట్టి గట్టు మీద పెట్టండి. మా దాన్ని ఇంతవరకూ వాడాల్సిన అవసరం రాలేదు, అయినా అది లేకుండా పని మొదలుపెట్టం.

పదేళ్లలో ధనుర్వాతం టీకా వేయించుకోనివాళ్లు ముందే వేయించుకోవాలి. చేతికో కాలికో మానని పుండు ఉన్నవాళ్లు బురద పనికి దిగొద్దు. కాలువ గట్టు అంటే ఎలుకల రాజ్యం. వాటి మూత్రం కలిసిన బురద పుండుకు తగిలితే లెప్టోస్పైరోసిస్ రావచ్చు. పని చేసిన రెండు మూడు వారాల్లో గట్టి జ్వరం, ఒళ్లు నొప్పులు వస్తే డాక్టరుకు కాలువ దగ్గర పనిచేసిన సంగతి తప్పక చెప్పండి.

పాముల సంగతి

పాము ఉంటుందనే అనుకుని దిగండి. మొదలుపెట్టే ముందు ఒకరు పొడుగు కర్రతో పొదలను తట్టుకుంటూ, నేల అదిరేలా అడుగులేస్తూ ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లాలి. తర్వాత పావుగంట టీ తాగండి. దారి వదిలితే పాము దాని దారిన అది పోతుంది, కాబట్టి రెండు వైపుల నుంచీ మనుషులు ఎదురెదురుగా రాకూడదు. కంటికి కనబడని చోట చేయి పెట్టొద్దు. ఆకుల కుప్పను చేత్తో కాకుండా దంతెతో లాగండి.

మీకు కనబడేవాటిలో ఎక్కువ నీరుకట్టెలు, జెర్రిపోతులు. విషం లేనివి. అయినా దూరం నుంచి గుర్తుపట్టే పోటీలు పెట్టుకోవద్దు. నాగుపాము, రక్తపింజర, కట్లపాము, చిన్న పింజర కూడా మన నేల మీదే ఉన్నాయి. ఎవరినైనా కరిస్తే కూర్చోబెట్టి కదలనీయకండి. ఉంగరాలు, గడియారం తీసేయండి. కరిచిన కాలు గానీ చేయి గానీ వంగకుండా బద్ద కట్టండి. తాడుతో బిగించి కట్టడం, కోయడం, నోటితో పీల్చడం, పసరు పోయడం ఏదీ వద్దు. 108కి ఫోన్ చేసి, విషానికి విరుగుడు సూది ఉన్న పెద్దాసుపత్రికి చేర్చండి. ఆ నాలుగింటి విషానికీ ఒకే సూది పనిచేస్తుంది, కాబట్టి పామును చంపి తీసుకెళ్లాల్సిన పనే లేదు.

ఆదివారం పొద్దున: పని వరస

ఆరుగురికి పది మీటర్ల మడి చాలు. ఎక్కువ ఒప్పుకుంటే పైపైన కోసి పోతారు. పన్నెండు మంది వచ్చారా, ఇరవై మీటర్లు. నలభై మంది వచ్చారా, సగం మందిని వచ్చే వారం రమ్మనండి, నిజంగానే చెబుతున్నాను. చేతులు ఖాళీగా ఉన్నవాళ్లే పసుపు పీలికలు విప్పేస్తారు.

ముందు చెత్త తీయాలి, కలుపు తర్వాత. పొదల్లో సారా సీసాలు, పగిలిన గాజు, బ్లేళ్లు, సూదులు ఉంటాయి. ఇద్దరే ఇద్దరు, మందపాటి గ్లౌజులున్నవాళ్లు, పట్టుకారుతో వాటిని ఏరి ప్లాస్టిక్ డబ్బాలో వేయాలి. ఆ డబ్బాను మామూలు చెత్తలో కలపకుండా పారిశుద్ధ్య సిబ్బంది చేతికివ్వండి. వాళ్లు చేతులు పెట్టి ఏరుకునే కుప్పలో సూదులు కలిపి పోవడం పాపం.

ఇంకొకటి కూడా దొరుకుతుంది: చిట్లిన దేవుడి పటాలు, ఎండిన పూలదండలు, కలశం కొబ్బరికాయలు, వినాయకుడి బొమ్మ చేతులు. కాలువలో కలపాలని తెచ్చి గట్టు మీద వదిలేసినవి. వాటిని చెత్త సంచిలో కుక్కితే చూసేవాళ్ల మనసు నొచ్చుకుంటుంది, గొడవ కూడా అవుతుంది. వేరే బుట్టలో పెట్టండి. పటాలను అద్దం, ఫ్రేము, కాగితం వేరు చేయండి. పూలు ఎరువుకు పోతాయి. కాగితాలు ఏం చేయాలో పక్కనున్న గుడి పూజారిగారిని అడగండి. నిమ్మకాయలు, కుంకుమ పూసిన గుమ్మడికాయ ముక్కలు కనబడితే మా బృందంలో సగం మంది వెనక్కి జరుగుతారు. జరగనివాళ్లు ఒకరిద్దరు ఎప్పుడూ ఉంటారు, ఆ పని వాళ్లది.

చెత్త అయ్యాక తీగల మొదళ్లు కోయండి. తర్వాత చేత్తో వచ్చే కలుపు, ఆ తర్వాత తుంగ, చివరగా తుమ్మ. ముళ్ల కొమ్మలు ముందే కోస్తే అవి కాళ్ల కింద పడి మిగతా పనికి అడ్డం. పనిచేసేవాళ్లు వీపు కాలువ వైపు పెట్టి నిలబడకూడదు. రోడ్డు వైపు ఒక మనిషి మెరిసే జాకెట్ వేసుకుని బళ్లను చూస్తుండాలి. పిల్లలు వస్తే సంతోషం, కంచెకు రోడ్డు వైపే ఎండాకులు పోగుచేయమనండి. నీటి అంచుకు రెండు మీటర్ల లోపలికి ఎవరూ వెళ్లొద్దు. సిమెంటు లైనింగు మీద పాచి ఉంటుంది. జారితే పట్టుకోవడానికి ఏమీ దొరకదు. గుర్రపు డెక్క చూసి మనసు లాగుతుంది గానీ, అది నీళ్లలోది, యంత్రాలతో తీయించాల్సింది. దాని జోలికి పోవద్దు.

మడి లోపల వేళ్లతో సహా తీయమన్నాను. గట్టు వాలు మీద మాత్రం దీనికి పూర్తిగా తలకిందులు. అక్కడ గరిక పట్టుకుని ఉంది కాబట్టే మట్టి నిలబడింది. వాలు మీద గునపం దింపితే తర్వాతి వానకు మట్టి కాలువలో ఉంటుంది. కొడవలితో నాలుగు అంగుళాలు మిగిల్చి కోయండి, అంతే. రాతి కట్టుబడి సందుల్లో రావి మొక్క మొలిచి ఉంటే అది చిన్నప్పుడే రావాలి, లేకపోతే వేళ్లు రాళ్లను లేపుతాయి. రావిని పీకడానికి చేతులాడనివాళ్లు వేళ్లు తెగకుండా తీసి ఏ గుడి దగ్గరో నాటొచ్చు. వేళ్లు రాళ్లలో బిగుసుకుపోతే శాఖకు చెప్పండి.

కలుపు మందు కొడితే పోదా?

ఎవరో ఒకరు అడుగుతారు. కొట్టకూడదు. ఈ కాలువ నీళ్లు కింద డెల్టాలో పొలాలకే కాదు, ఎన్నో ఊళ్ల మంచినీటి చెరువులకూ పోతాయి. గట్టు మీద కొట్టిన మందు మొదటి వానకే నీళ్లలో దిగుతుంది. ఉప్పు నీళ్లు పోసే చిట్కా కూడా వద్దు, కలుపుతో పాటు మట్టీ చెడుతుంది.

తీసినదాన్ని ఏం చేయాలి

మూడు కుప్పలు పెట్టండి. విత్తనం లేని పచ్చి ఆకు, ఎండాకు ఒక కుప్ప. ఇది మడి చివర గుంట తీసి వేస్తే మూడు నాలుగు నెలల్లో ఎరువవుతుంది, పదిహేను రోజులకోసారి తిరగేయాలి. పూత, గింజ ఉన్న వయ్యారిభామ, తుంగ గడ్డలు, తూటికాడ ముక్కలు రెండో కుప్ప. వీటిని ఎరువు గుంటలో వేస్తే మీ చేత్తో మీరే నాటినట్టు. నల్ల ప్లాస్టిక్ సంచుల్లో మూతి బిగించి ఎండలో నెల రోజులు మగ్గనిచ్చి, అప్పుడు బండికెక్కించండి. ముళ్ల కొమ్మలు మూడో కుప్ప, పరదాలో చుట్టి నేరుగా బండిలోకి.

నిప్పు పెట్టొద్దు. బహిరంగంగా చెత్త తగలబెడితే అయిదు వేల జరిమానా వేయాలని హరిత ట్రిబ్యునల్ 2016లోనే చెప్పింది. జరిమానా అలా ఉంచితే, గన్నేరు పొగ పీల్చినవాడికి ఆసుపత్రి ఖర్చు అంతకంటే ఎక్కువవుతుంది. కాలువలోకి తోసేయడం ఇంకా తేలిక, అందుకే ఒకరిని కాపలా పెట్టాలి. ఆ చెత్త వంతెన ఖానాల దగ్గర అడ్డంపడి నీళ్లను వెనక్కి తంతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు మన ఇళ్లలోకి వచ్చి చూపించాక, దారి దొరకని నీరు ఎక్కడికి పోతుందో ఈ ఊళ్లో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఖాళీ మట్టిని ఖాళీగా వదలొద్దు

ఇంటికి వెళ్లే ముందు మిగిలిన మొక్కలకు పాదులు కట్టండి. చెట్టు మొదలు నుంచి జానెడు వదిలి గుండ్రంగా గట్టు, లోపల బొరిగెతో పైపైన కదిలించిన మట్టి, దాని మీద రెండంగుళాల మందాన ఎండాకులు. ఆకులు మొదలుకు తగలకూడదు, బెరడు కుళ్లుతుంది. వేప, కానుగల చుట్టూ గునపంతో తవ్వకండి, పీచు వేళ్లు పైనే ఉంటాయి.

ఖాళీ అయిన చోట మొక్క పెట్టకపోతే వయ్యారిభామ పెడుతుంది. నీళ్లు పోసే దిక్కు ఉన్నంత మేరే నాటండి. మా అనుభవంలో నందివర్ధనాన్ని ఆవులు ముట్టవు, మందారాన్ని మిగల్చవు. నూరువరహాలు, గోరింట ఆలస్యంగా పుంజుకుంటాయి గానీ నిలుస్తాయి. వాలు పై అంచున వట్టివేరు పిలకలు జానెడు దూరంలో వరసగా నాటితే మట్టిని పట్టుకుంటుంది. చుట్టుపక్కల ఏ ఇంటి గుమ్మం దగ్గరగా ఉందో ఆ ఇంటివాళ్ల పేరు మీద ఒక్కో మొక్క అప్పగించండి. మామ్మగారికి కొత్త గోరింట మేమే నాటి ఇచ్చాం. మొదటి ఏడాది ఎవరినీ ఆకు ముట్టనివ్వలేదావిడ, మమ్మల్ని అయితే దగ్గరికే రానివ్వలేదు.

మూడు వారాల తర్వాత

ఇరవై ఒకటో రోజుకు మళ్లీ రండి. ఈసారి నలుగురు చాలు, గంట చాలు. తుంగ మళ్లీ మొలిచి ఉంటుంది, అయిదారు ఆకులు వచ్చేలోపు గడ్డతో తీయాలి. ఆలస్యం చేస్తే కింద కొత్త గడ్డలు కడుతుంది. వయ్యారిభామ రెండాకుల మొలకలు చాపలా పరుచుకుని ఉంటాయి, బొరిగెతో గీకితే పోతాయి. తుమ్మ మొదళ్ల దగ్గర చిగుళ్లుంటే గోటితో గిల్లేయండి. ఆ తర్వాత ఏడాదంతా నెలకోసారి.

బొరిగెలు, కత్తెరలు కడిగి తుడిచి, కాస్త కొబ్బరి నూనె రాసి సంచిలో కట్టండి. ఆ సంచి ఎవరింట్లో ఉందో వాట్సాప్ గ్రూపులో రాయండి. మా పనిముట్లు రెండుసార్లు ఇలాగే పోయి, రెండుసార్లూ మా కోశాధికారి అటక మీదే దొరికాయి. ఫోటో కావాలంటే మనుషులు లేకుండా, ప్రతిసారీ ఒకే కరెంటు స్తంభం పక్కన నిలబడి తీయండి. అయిదారు ఫోటోలు వరసగా పెట్టి చూస్తే, ఏ చోట తుంగ తీసినట్టు తీసి వదిలేశారో, వచ్చే ఆదివారం పీట ఎక్కడ వేయాలో తెలిసిపోతుంది.